సైనికులకు ఆకలి వేయని చైనా

సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో ప్రాచీన చైనా యుద్ధాల మీద వచ్చిన వీడియో గేమ్ (ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2) గురించి అరపేజీ వ్యాసం వేశారు. ఆ ఆట మా ఇంట్లో చాలాకాలంగా నడుస్తోంది కాబట్టి టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మొత్తం చదివాను. రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, వ్యాసం పొడుగునా ‘కావో కావో’ అని అచ్చయిన సేనాపతి పేరు. రెండోది, ‘ఈ ఆటల్లో ఉన్నదల్లా నరుక్కోవడమే’ అన్న వాక్యం. మొదటిది చిన్న తప్పు, దిద్దుకోవచ్చు. రెండోది చూస్తే మాత్రం రాసినవారు ఆ ఆటని ఒక్క పూట కూడా ఆడలేదనిపించింది. ఆడి ఉంటే తిట్టడానికి ఇంతకంటే మంచి కారణమే దొరికేది. ఆ కారణం చెబుదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించండి.

ముందు పేరు సంగతి. ఇంగ్లిషు అక్షరాల్లో చూస్తే ఎవరికైనా ‘కావో’ అనే అనిపిస్తుంది. కానీ చైనా వాళ్ళు తమ భాషని ఆ లిపిలో రాసుకునే పద్ధతిలో సీ అక్షరానికి ‘త్స’ లాంటి ధ్వని. మాట మొదట్లో ఆ ధ్వని వస్తే ఇంగ్లిషు వాళ్ళకి నోరు తిరగదు. మనకేం ఇబ్బంది? చలి, చాప, చుట్టం అనేటప్పుడు రోజూ పలికేది దాదాపు అదే కదా. చెరువులోని చ వేరు, చాపలోని చ వేరు. పాత పుస్తకాల్లో ఈ రెండో దానికి ౘ అని విడిగా అక్షరమే ఉండేది. కాబట్టి ఆయన పేరు చావ్ చావ్, చాపలోని చతో. ‘చావు’ అనే మాటకి చివరి ఉకారం తీసేస్తే సరిపోతుంది. మావాడు మొదటిసారి ఆ పేరు సరిగ్గా పలికి, అదే ఊపులో నాలుగైదు సార్లు అరిచేసరికి పక్కగదిలోంచి మా అత్తయ్య “ఎవర్నిరా రాత్రిపూట అంతలేసి మాటలంటున్నావు?” అని కేకేసింది. అది ఒక చైనా సేనాపతి పేరని ఆవిడని నమ్మించడానికి మాకు పది నిమిషాలు పట్టింది. ఇంగ్లిషులో చూసి రాసుకున్నందువల్ల, తెలుగులో ఇంత చక్కగా కుదిరే పేరుని పోగొట్టుకున్నాం.

ఇక ఆట. నా ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే నా గొడవ మీకు అర్థం కాదు. నేను ధాన్యం గోదాములో స్టాకు లెక్కలు రాస్తాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని వెళ్ళాయి, తరుగు ఎంత, చిరిగిన గోనెల్లోంచి కారిపోయింది ఎంత, తడిసి ముక్కిపోయింది ఎంత. సాయంత్రానికి రిజిస్టరులో అంకె, లోపల బస్తాల లెక్క కలవాలి. కలవకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. టెన్షన్ మనిషిని.

మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఒక రాత్రి పదకొండు దాటాక వాడి గదిలో లైటు వెలుగుతుంటే చెవి మెలేద్దామనే వెళ్ళాను. స్క్రీను పైన వరసగా నాలుగు అంకెలు కనిపించాయి. కలప 150, తిండి 0, బంగారం 100, రాయి 200. ఇంకేం కనిపించినా తిట్టేదాన్నే. ఆ సున్నా చూసి నోరు పడిపోయింది.

“ఇదేంట్రా, ఓపెనింగ్ బ్యాలెన్సే నిల్లు?”

“చైనా వాళ్ళని తీసుకుంటే అంతే అమ్మా. మిగతా వాళ్ళకి ముగ్గురు మనుషులు, 200 తిండి ఇస్తారు. వీళ్ళకి ఆరుగురు మనుషులు, తిండి సున్నా.”

“ఆరుగురిని పెట్టుకుని ఏం పెడతావురా వాళ్ళకి?”

“గొర్రెలమ్మా, గొర్రెలు! మాట్లాడించకు, లేటైపోతుంది.”

నిజంగానే లేటైపోతుంది. చదరంగంలో మన ఎత్తు వేసి ఎదుటివాడి కోసం ఆగుతాం. రియల్ టైమ్ స్ట్రాటజీ అనే ఈ రకం ఆటల్లో ఎవరి వంతూ ఉండదు. నువ్వు ఆలోచిస్తున్నంతసేపూ అవతలివాడు పని చేసుకుపోతుంటాడు. ఆ రాత్రి తిట్టకుండా పక్కన కూర్చున్నాను. తర్వాతి ఆదివారం కుర్చీ నాది, పక్కన స్టూలు వాడిది.

మీ వ్యాసంలో చెప్పని వివరాలు కొన్ని.  ఆట పుట్టింది 1999లో, అమెరికాలో. 2019లో కొత్త బొమ్మలతో మళ్ళీ చేశారు. 2025 మే నెలలో మూడు రాజ్యాల కాలాన్ని అదనంగా చేర్చారు, మీరు ఫొటో వేసింది దాన్నుంచే. హాన్ సామ్రాజ్యం కూలిపోయి చైనా మూడు ముక్కలైన కాలం అది. ఉత్తరాన చావ్ చావ్ కొడుకు 220లో వెయ్ రాజ్యం ప్రకటించాడు. మరుసటి ఏడాది పడమట సిచువాన్ ప్రాంతంలో ల్యూ బెయ్ షు రాజ్యం పెట్టాడు. ఆగ్నేయాన సున్ చువాన్ 229లో వూ చక్రవర్తినన్నాడు. 280కల్లా ముగ్గురి వారసులూ పోయి దేశం మళ్ళీ ఒకరి చేతికి వచ్చింది. ఈ కాలం మీద ఆటలు కొత్తేమీ కాదు. బీజింగ్‌లోని ఒక కంపెనీ 2001లోనే ఇదే కథతో ఇదే రకం ఆట చేసింది.

సరే, నరుక్కోవడం దగ్గరికి వద్దాం. నేను గడియారం పెట్టుకుని చూశాను. నా చేతిలో ఆట మొదలైన పన్నెండు నిమిషాల దాకా ఒక్క కత్తి కూడా లేవదు. మావాడికి ఎనిమిది. అంతసేపూ జరిగేది సంసారం.

ఊరి మధ్యలో ఒక పెద్ద భవనం ఉంటుంది, టౌన్ సెంటర్ అంటారు. గొర్రెల్ని వెతికి దాని గోడ పక్కకి తోలుకురావాలి. ఒక్కో గొర్రెలో 100 తిండి ఉంటుంది. ఆత్రపడి అన్నిటినీ ఒకేసారి కోశామా, అయిపోయినట్టే. కోసిన గొర్రె నేల మీద ఉన్నంతసేపూ అందులోని అంకె ఒకటొకటిగా దిగిపోతుంటుంది. మొదటిసారి అది గమనించినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. తరుగు! ఆటలో తరుగు పెట్టారు! ఎవరో మా వృత్తి తెలిసినవాళ్ళే చేశారనుకున్నాను. అందుకే ఒకదాని తర్వాత ఒకటి కోయాలి, కోసింది కోసినట్టే లోపలికి చేర్చాలి. కొత్త పనివాడు పుట్టాలంటే 50 తిండి, 25 సెకన్లు. చైనా వాళ్ళకి ఆ మొదటి 50 పోగయ్యేదాకా టౌన్ సెంటర్ ఊరికే నిలబడి చూస్తుంటుంది. ఆ కొద్ది సెకన్లు నాకు నెలాఖరు రోజుల్లా ఉంటాయి.

గొర్రెలయ్యాక అడవిపంది. 340 తిండి. దాన్ని ఒకడు బాణంతో కొట్టి రెచ్చగొట్టి, వెంట పడుతుంటే టౌన్ సెంటర్ దాకా పరిగెత్తుకురావాలి. మొదటి వారంలో నా మనుషులు ముగ్గురు దాని కోరలకే పోయారు. ఆ తర్వాత పొలాలు. ఒక్కో పొలానికి 60 కలప. కొన్నాళ్ళకి పొలం ఉడిగిపోతుంది, మళ్ళీ కలప పెట్టి విత్తాలి. ఒక యుగం నుంచి ఇంకో యుగానికి మారడానికి కూడా తిండే అడుగుతుంది. మొదట 500, తర్వాత 800, చివర 1000. తర్వాతి రెండిటికీ బంగారం అదనం. మార్కెట్ కట్టుకుంటే తిండి అమ్మి బంగారం తెచ్చుకోవచ్చు గానీ, నూరు చొప్పున అమ్ముతూ పోతే ధర పడిపోతుంది. కొనబోతే పెరుగుతుంది. మావాడికి కామర్స్ మాస్టారు చెప్పినప్పుడు ఎక్కనిది ఇక్కడ ఎక్కింది.

ఇంత బాగా చేసిన ఆటతో నా గొడవ ఎక్కడంటే, సైనికుడి దగ్గర. ఈటెగాడు ఒకడు కావాలంటే 35 తిండి, 25 కలప ఖర్చవుతాయి. సరే, పెట్టాం. ఆ తర్వాత? ఆ తర్వాత వాడు ఆట ముగిసేదాకా మెతుకు ముట్టడు. పుట్టినరోజున ఒక్కసారి భోజనం, ఆపైన జన్మంతా ఉపవాసం. నలభైమందిని తీసుకెళ్ళి అవతలివాడి గోడ ముందు అరగంట నిలబెట్టాను, కావాలనే. నా స్టాకులో ఒక్క గింజ తగ్గలేదు. గుర్రం కూడా అంతే, గడ్డి అడగదు.

ఇంకో పరీక్ష కూడా చేశాను. మావాడి మీద ఆడుతూ వాడి మిల్లు తగలబెట్టించాను. మిల్లంటే పంట తెచ్చి పోసే చోటు. కూలిపోయింది. లేచి వాడి స్క్రీను చూశాను. తిండి అంకె ఎంతుందో అంతే ఉంది! గోదాము బూడిదైనా స్టాకు మాత్రం భద్రం. అలాంటి గోదాము ఉంటే నాకు ఉద్యోగమే అక్కర్లేదు.

ఇందులో అంత బాధపడాల్సిందేముంది, ఆటే కదా అంటారా? ఏ కాలాన్ని ఆటగా చేశారో చూడండి. ఆ కాలంలో మనుషులు చచ్చింది, రాజ్యాలు పోయింది గింజల దగ్గరే. ఆట నచ్చాక నేను ఆ చరిత్ర వెతుక్కుని చదివాను, ఆఫీసు రిజిస్టరు చదివినట్టే చదివాను.

194లో చావ్ చావ్, లూ బూ అనే ఇంకో సేనాపతీ పూయాంగ్ దగ్గర నూరు రోజులకు పైగా కొట్టుకున్నారు. ఎవరూ గెలవలేదు. మిడతలు వచ్చాయి. పంట పోయింది, ఇద్దరి దగ్గరా తిండి అయిపోయింది, ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆ రోజుల్లో ఉత్తరాన యువాన్ షావ్ అనే మరో సేనాపతి సైన్యం మల్బరీ పళ్ళ మీద బతికిందనీ, దక్షిణాన యువాన్ షూ సైన్యం నత్తలూ ఆల్చిప్పలూ ఏరుకు తిన్నదనీ రాశారు. పట్టుపురుగుల కోసం పెంచిన చెట్ల కింద, కవచాలు వేసుకున్న పెద్ద పెద్ద మనుషులు నోళ్ళు ఎర్రగా చేసుకుని పళ్ళు ఏరుకుంటున్నట్టు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఈ ఆటలో బెర్రీ పొదలున్నాయి. వాటి దగ్గరికి పనివాళ్ళే వెళ్తారు, సైనికుడు పక్కనుంచి నడుచుకుపోతాడు, కన్నెత్తి చూడడు.

చావ్ చావ్ మిగతావాళ్ళకంటే ముందుకెళ్ళింది ఇక్కడే. 196లో షూచాంగ్ చుట్టుపక్కల బీడు పడిన భూముల్లో జనాన్ని దింపి సర్కారు సాగు మొదలుపెట్టాడు. ప్రభుత్వ ఎద్దు వాడుకుంటే పంటలో ఆరు వంతులు ప్రభుత్వానికి, నాలుగు రైతుకి. ఎద్దు రైతుదే అయితే చెరిసగం. రైతు పొట్ట కొట్టడమే అది, కాదనను. కానీ మొదటి ఏడాదే పది లక్షల హుల ధాన్యం వచ్చిందట. హు అంటే ఆ కాలపు కొలత, ఇప్పటి లెక్కలో సుమారు 20 లీటర్లు. ఆ అంకె చదవగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, అంత ఎక్కడ పోశారు, తడవకుండా ఏం కప్పారు అని.

ఇదే చావ్ చావ్ గురించి ఇంకో కథ ఉంది. చెప్పింది ఆయనంటే గిట్టని వూ రాజ్యం మనిషి, కాబట్టి కొంచెం అనుమానంతోనే చదవాలి. ఐదో శతాబ్దంలో మూడు రాజ్యాల చరిత్రకి వ్యాఖ్య రాసిన పెయ్ సుంగ్‌జీ దాన్ని అందులో ఎత్తి రాయబట్టి మనదాకా వచ్చింది. దండయాత్రలో ధాన్యం తక్కువ పడింది. ధాన్యం అధికారిని పిలిచి ఏం చేద్దామని అడిగాడు. చిన్న కుంచంతో కొలిచి ఇద్దాం, సరిపోతుంది అన్నాడు అతను. మంచిది, అలాగే కానీ అన్నాడు ఈయన. తర్వాత సైన్యంలో గుసగుసలు మొదలయ్యాయి, దొర మనల్ని మోసం చేస్తున్నాడని. అప్పుడు ఆ అధికారిని మళ్ళీ పిలిచి, వీళ్ళని చల్లబరచడానికి నీ చావు నాకు అప్పు కావాలి అన్నాడట.  తల తీయించి, చిన్న కుంచం వాడి సర్కారు ధాన్యం దొంగిలించాడని రాసి అందరికీ చూపించారు.

ఇది చదివిన రోజు నేను అన్నం సరిగా తినలేదు. పైవాళ్ళు నోటిమాటగా చెప్పిన పని చేసి, రాతపూర్వకంగా ఏమీ లేక, చివరికి మెడ మీదకి తెచ్చుకున్నవాళ్ళని నా సర్వీసులో చూశాను. తలలు పోలేదు, ఇంక్రిమెంట్లు పోయాయి. మావాడికి చెబితే “ఆ ఆఫీసర్ పేరేంటమ్మా?” అన్నాడు. ఆ పాత కథలో పేరు లేదు. ‘ధాన్యం చూసేవాడు’ అని మాత్రమే ఉంది.

ఇక 200వ సంవత్సరం, గువాన్‌దూ. పసుపునదికి దక్షిణాన, ఇప్పటి హెనాన్ రాష్ట్రంలో. యువాన్ షావ్ దగ్గర లక్షమంది కాల్బలం, పదివేల గుర్రాలు ఉన్నాయని చరిత్రలో రాశారు. చావ్ చావ్ దగ్గర అంతకంటే చాలా తక్కువ మంది ఉన్నారు. నెలల తరబడి ఎదురెదురుగా కూర్చున్నారు. ఇటువైపు తిండి అడుగంటింది, వెనక్కి వెళ్ళిపోదామా అని చావ్ చావ్ రాజధానికి ఉత్తరం కూడా రాశాడు. అప్పుడు షు యౌ అనే సలహాదారు యువాన్ షావ్‌ని వదిలేసి ఇటు వచ్చాడు. వచ్చాడని తెలియగానే చావ్ చావ్ చెప్పులు కూడా వేసుకోకుండా చప్పట్లు కొడుతూ ఎదురెళ్ళాడట. షు యౌ కూర్చుంటూనే అడిగిన మొదటి ప్రశ్న, ధాన్యం ఎంత ఉంది?

ఏడాదికి సరిపడా ఉంది, అన్నాడు.

అబద్ధం. మళ్ళీ చెప్పు.

ఆర్నెల్లకి ఉంది.

నీకు గెలవాలని లేదా, నిజం చెప్పవేం?

ఊరికే అన్నానులే, ఒక్క నెలకి ఉంది.

స్టాక్ వెరిఫికేషన్‌కి ఎవరైనా వచ్చినప్పుడు గోదాముల్లో జరిగే సంభాషణ మాటకి మాట ఇదే. పద్దెనిమిది వందల ఏళ్ళయినా ఏమీ మారలేదు. నిజం బయటపడ్డాక షు యౌ అసలు విషయం చెప్పాడు. యువాన్ షావ్ శిబిరానికి నలభై లీల ఉత్తరాన (లీ అంటే అరకిలోమీటరు కంటే కొంచెం తక్కువ) వూఛావ్‌లో పదివేలకు పైగా ధాన్యం బండ్లు ఉన్నాయి, కాపలా గట్టిగా లేదు. ఆ రాత్రే చావ్ చావ్ ఐదువేల మందితో బయల్దేరాడు. చేతుల్లో శత్రువు జెండాలు, గుర్రాల నోళ్ళకి కట్లు, మనిషికో కట్టెల మోపు. మోపెందుకో వేరే చెప్పాలా. ధాన్యం కాలిపోయిందని తెలియగానే అంత సైన్యమూ చెల్లాచెదురైంది. అక్కడ కాపలా ఉన్న సేనాపతికి ముక్కు కోసి, ఆపైన ప్రాణం కూడా తీశారు.

ఇప్పుడు చెప్పండి. నా ఆటలో మిల్లు కూలినా తిండి అంకె కదలదు, తిండి సున్నా అయినా సైనికుడు కదలడం మానడు. కథగా నడిపించే యుద్ధాల్లో ‘ఫలానా చోట నిప్పు పెట్టు’ అని చెప్పి చేయించవచ్చు, అది వేరు. నాకు నేనుగా ఆడుకునే మామూలు ఆటలో వూఛావ్‌కి వెళ్ళినా ఫలితం ఉండదు. చావ్ చావ్ బొమ్మ ఉంది, ఆయన గుర్రపు దళం ఉంది, గెలిచిన కారణం లేదు.

షు రాజ్యపు మంత్రి జూగ లియాంగ్ సంగతి ఇంకా అన్యాయం. ఆటలో చైనా వాళ్ళకి వరసగా బాణాలు కురిపించే ఒక ప్రత్యేక విల్లుకాడున్నాడు, ఈయన పేరుతోనే. అలాంటి విల్లు ఈయన పుట్టడానికి వందల ఏళ్ళ ముందే ఉంది, సమాధిలో దొరికింది కూడా. ఈయన అసలు కష్టమంతా సిచువాన్ నుంచి కొండలు దాటించి ఉత్తరానికి తిండి మోయించడంలో ఉంది. 231లో వెనుక నుంచి ధాన్యం పంపాల్సిన లీ యెన్, వానల వల్ల పంపలేక, సైన్యాన్ని తిరిగి రమ్మని కబురు పెట్టాడు. తీరా వాళ్ళు తిరిగొచ్చాక, “ధాన్యం పుష్కలంగా ఉందే, ఎందుకొచ్చేశారు?” అని ఆశ్చర్యపోయినట్టు నటించాడు. జూగ లియాంగ్ ఏమీ అనకుండా, లీ యెన్ స్వహస్తాలతో రాసిన ఉత్తరాలన్నీ మొదటి నుంచి చివరిదాకా వరసగా పెట్టి చూపించాడు. లీ యెన్ పదవి ఊడింది. ఆ ఉత్తరాలు జాగ్రత్త పెట్టుకున్నందుకు ఆయనంటే నాకు ప్రత్యేక గౌరవం.

కొయ్య ఎద్దు అనే బండి కూడా ఆయనదే. ఒక మనిషికి ఏడాది సరిపోయే ధాన్యం మోస్తుందట, రోజుకి ఇరవై లీలు నడుస్తుందట. అది ఒంటిచక్రం తోపుడుబండి లాంటిదేనని చాలామంది పండితుల మాట. ఆటలో తోపుడుబండి ఉంది! 175 తిండి, 50 కలప పెడితే వస్తుంది, పనివాళ్ళు చురుగ్గా నడుస్తారు, ఎక్కువ మోస్తారు. అయితే పొలం నుంచి మిల్లు దాకానే. మిల్లు నుంచి సైన్యం దగ్గరికి ఎవరూ ఏమీ తోయరు.

234లో ఆయన చివరి దండయాత్రలో వెయ్ నది ఒడ్డున సైనికుల చేత సాగు కూడా చేయించాడు, అక్కడి రైతుల మధ్యే. ఎదుట వెయ్ రాజ్యపు సేనాపతి సీమా యీ యుద్ధానికి రాకుండా నూరు రోజులకు పైగా కూర్చున్నాడు. ఒకసారి వచ్చిన దూతని యుద్ధం సంగతి అడగలేదు. మీ దొర ఎలా తింటున్నాడు, ఎలా పడుకుంటున్నాడు అని అడిగాడు. ఇరవై దెబ్బలు దాటిన ప్రతి శిక్షా తనే చూస్తారు, తిండి మాత్రం రోజుకి మూడు నాలుగు షెంగ్‌లే అన్నాడు దూత. షెంగ్ అంటే హులో నూరో వంతు. మన లెక్కలో మొత్తం లీటరు కూడా కాదు. ఇక ఎంతోకాలం ఉండడు, అన్నాడు సీమా యీ. ఆ ఏడాదే జూగ లియాంగ్ పోయాడు.

ఆటల్లో ఇది కుదరనిదేమీ కాదు. 2019లో ఇంగ్లండు వాళ్ళు మూడు రాజ్యాల మీదే ఇంకో ఆట చేశారు, టోటల్ వార్ వరసలో. అందులో పోరు మాత్రమే రియల్ టైమ్, మిగతాది వంతులవారీగా నడుస్తుంది. కానీ సైన్యానికి సరుకుల అంకె ఒకటి ఉంటుంది. పరాయి నేల మీద ఉన్నకొద్దీ అది కరుగుతుంది, అయిపోతే మనుషులు రాలిపోతుంటారు. మొదటిసారి అది చూసి మావాడు “ఇది నీ ఆట అమ్మా” అన్నాడు.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తే మాత్రం ఒప్పుకోలేదు. “ప్రతి సైనికుడికీ అన్నం పెట్టుకుంటూ కూర్చుంటే ఆట ఎప్పుడు ఆడతాం? అరగంట ఆట నాలుగు గంటలవుతుంది. ఎవడాడతాడు?” అన్నాడు. వాడి మాటలోనూ నిజముంది. గొర్రెలు, పంది, పొలాలు, ఇళ్ళు చూసుకునేసరికే నా రెండు చేతులూ చాలవు, ఇక బండ్లు కూడా తోలాలంటే వేళ్ళు విరుగుతాయి. కనీసం మిల్లు కాలితే అందులో ఉన్నది పోవాలి, అంతవరకైనా పెట్టండిరా అన్నాను, ఆ ఆట వాడే చేసినట్టు. అలా పెడితే ప్రతివాడూ మిల్లు చుట్టూనే కోట కట్టుకుంటాడు అన్నాడు. కట్టుకోనీ! యువాన్ షావ్ కట్టుకోకే కదా పోయింది.

కాబట్టి సంపాదకులకి నా విన్నపం. ‘నరుక్కోవడమే’ అన్న మాట మీద మీ వ్యాసకర్తని ఒకసారి చైనా వాళ్ళని తీసుకుని మొదటి పది నిమిషాలు ఆడమనండి. మా ఇంటికి వస్తే నా కుర్చీ ఇస్తాను, పంది దగ్గర జాగ్రత్త అని ముందే చెబుతాను. పేరు సంగతి మాత్రం వచ్చే ఆదివారం సవరణలో వేయండి. చావ్ చావ్. ౘ అక్షరం మీ ప్రెస్సులో లేకపోతే మామూలు చ చాలు, చదివేవాళ్ళు చాపలో చలాగే చదువుకుంటారు.

ఇంకా రాయాలనే ఉంది గానీ, సోమవారం మాకు స్టాక్ వెరిఫికేషన్. మూడో వరసలో పదకొండు బస్తాలు లెక్కకి రావడం లేదు.

ఇట్లు,
ధాన్యం గోదాములో లెక్కలు రాసే మీ పాఠకురాలు